అప్పుడప్పుడు కట్టెలు కోయడానికి చేతికి బరువనిపించని మధ్యరకం చైన్‌సా ఏది తీసుకోవాలి?

శనివారం_వడ్రంగి
ఏడాదిలో ఎనిమిది పది రోజులకు మించి నాకు చైన్‌సాతో పని పడదు. గాలికి విరిగిపడిన కొమ్మలు, ఎండిపోయిన మానులు కోసి ముక్కలు చేసుకుంటాను. చాలావరకు 25, 30 సెంటీమీటర్ల మందం ఉంటాయి. 40 దాటేవి ఏడాదికి ఒకటో రెండో. మొదట 30 సీసీల చిన్న రంపం వాడాను. దుంగ నడిమికి వచ్చేసరికి అది మూలిగి ఆగిపోయేది. పోయిన నెల 20 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న 60 సీసీల రంపం ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్నాను. కోత అరటిబోదెను నరికినంత సులువుగా సాగింది కానీ, అరగంటకే ముంజేతులు వణికి, నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. ఈ రెండింటికీ నడుమ ఏదైనా కొందామని చూస్తే ప్రతి పెట్టె మీదా ‘తేలిక’ అనే రాసి ఉంది. ఒకదాని బరువు 4.2 కిలోలు, ఇంకొకదానిది 4.6, మరొకదానిది 4.9. ఈ ఏడు వందల గ్రాముల తేడా కోసం అంతగా ఆలోచించాలా? సీసీలు చూడాలా, బరువు చూడాలా, లేక బ్యాటరీ రంపానికి మారిపోవాలా?

పాత_మెకానిక్
ముందుగా ఆ పెట్టె మీది అంకె సంగతి తేల్చుకుందాం. అది బార్, చైన్, పెట్రోలు, ఆయిల్ ఏవీ లేకుండా ఒట్టి ఇంజిన్ భాగానికి వేసిన బరువు. ఉదాహరణకు స్టిల్ కంపెనీ రంపం ఎమ్మెస్ 250 తీసుకోండి. ఇంజిన్ 45.4 సీసీలు, రాసిన బరువు 4.6 కిలోలు. 16 అంగుళాల బార్, చైన్ కలిపి దాదాపు కిలో. అర లీటరుకు కాస్త తక్కువ పట్టే ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే 350 గ్రాములు, చైన్ తడవడానికి పోసే బార్ ఆయిల్ మరో 180 గ్రాములు. మీరు నిజంగా ఎత్తేది ఆరు కిలోల పైమాటే. అదే ఇంజిన్‌కు 20 అంగుళాల బార్ తగిలిస్తే పెరిగిన బరువంతా చేతికి దూరంగా, ముక్కు వైపున చేరుతుంది. తక్కెడ మీద అది కొద్ది గ్రాములే కావచ్చు, మణికట్టుకు మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా తెలుస్తుంది.

మీ పనికి 40 నుంచి 50 సీసీల లోపు ఇంజిన్, 16 అంగుళాల బార్ సరిపోతాయి. అంతకు మించి ఇంజిన్ వద్దు, పొడవు అసలే వద్దు.

ఒకటే_మాట
కొనే ముందు బార్ తగిలించి ఎత్తి చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

బ్యాటరీ_మనిషి
ఏడాదికి పది రోజుల పనికి పెట్రోలు ఇంజిన్ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. పెట్రోలులో ఆయిల్ కలపాలి, తాడు లాగాలి, చోక్ సరిచూడాలి, పొగ పీల్చాలి. నా 36 వోల్టుల రంపం మీట నొక్కగానే తిరుగుతుంది, వదలగానే ఆగుతుంది, పక్కవాళ్లను నిద్ర లేపదు. మూడేళ్లలో నేను చేసిన మరమ్మతు చైన్‌కు పదును పెట్టడం ఒక్కటే.

గట్టి_దుంగ
బ్యాటరీ రంపం కొమ్మలు కత్తిరించుకోవడానికి బాగుంటుంది. చేవదేరిన ఎండు మాను ముందు నిలబెట్టి చూడండి, ఎవరు నిద్ర లేస్తారో తెలుస్తుంది.

పాత_మెకానిక్
ఎకసెక్కెం పక్కనబెట్టి లెక్క వేద్దాం. 36 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 180 వాట్ అవర్లు. కోత నడుస్తున్నప్పుడు సగటున 1,200 వాట్లు లాగుతుందనుకుంటే తొమ్మిది నిమిషాలు వస్తుంది. తొమ్మిది నిమిషాలేనా అని నవ్వకండి, ఇది మీట నొక్కి ఉంచిన సమయం మాత్రమే. పదునైన చైన్‌తో 30 సెంటీమీటర్ల దుంగను ఒకసారి అడ్డంగా కోయడానికి పదమూడు, పద్నాలుగు సెకన్లు పడుతుందనుకుంటే ఒక చార్జికి నలభై కోతలకు కాస్త అటూఇటూ వస్తాయి. నడుమ దుంగను దొర్లించడం, ముక్కలు పక్కకు తీయడం, నడుము పట్టుకుని ఆకాశం వైపు చూడడం కలుపుకుంటే అది గంట పని. కాబట్టి ప్రశ్న అడిగినవారు ఒకసారి మొదలుపెడితే ఎంతసేపు కోస్తారన్నది తేలితే సగం జవాబు దానంతట అదే దొరుకుతుంది.

శనివారం_వడ్రంగి
ఒకసారి మొదలుపెడితే రెండున్నర, మూడు గంటలు. ఆ రోజు మొత్తం కోసేయాలన్న పంతం ఒకటుంది. కోసే చోట కరెంటు దొరకదు.

తీగ_ఉంటే_చాలు
అయితే నేను చెప్పబోయిన తీగ రంపం, అంటే ప్లగ్గు పెట్టి కరెంటుతో నడిపేది, పనికిరాదు. ఇంటి వెనక షెడ్డులో కోసుకునేవారికి మాత్రం దానంత తేలికైనది, ఓర్పుగలది ఇంకొకటి లేదు. ఒకే షరతు: పొడిగింపు తీగ పొడవైనకొద్దీ లావుగా ఉండాలి. సన్నటి తీగ వాడితే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. తీగ వెన్నంటే ఉంటుంది కనుక అది ఎటు పడి ఉందో చూసుకోవడం సగం పని.

బ్యాటరీ_మనిషి
మూడు గంటలంటే మూడు బ్యాటరీలు కావాలి. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. గట్టి కలప ముందు నిలబడదన్న మాట మాత్రం ఒప్పుకోను.

ఆకురాయి
ఇంతమంది ఇంజిన్ గురించి రాశారు కానీ కోసేది చైన్ అన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. శనివారం_వడ్రంగి గారు, మీ పాత 30 సీసీల రంపం దుంగ మధ్యలో ఆగిపోయేదని రాశారు. అప్పుడు కింద రాలిన పొట్టు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. పిండిలా మెత్తగా రాలి ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు. పదునున్న పన్ను కలపను చెక్కుతుంది, పొట్టు చిన్న చిన్న రేకులుగా రాలుతుంది. మొద్దుబారిన పన్ను అరగదీస్తుంది, అప్పుడు పిండి రాలుతుంది, పొగ వస్తుంది, మనం బలమంతా పెట్టి నొక్కుతాం, చేతులు లాగుతాయి. పదునైన చైన్‌ను నొక్కనక్కర్లేదు, రంపం తన బరువుతో తానే దిగిపోతుంది.

మరో గుర్తు ఉంది. కోత నిటారుగా దిగక ఒక పక్కకు వంకరపోతుంటే ఆ వైపు పళ్లకూ ఈ వైపు పళ్లకూ పొడవులో తేడా వచ్చిందన్నమాట. కుడిచేతి వాటం ఉన్నవాళ్లం ఒక వైపు ఆకురాయిని గట్టిగా, రెండో వైపు మొక్కుబడిగా తోస్తాం. ప్రతి పన్నుకూ లెక్కపెట్టి అన్నే తోపులు వేయండి. లోపలి నుంచి బయటకు, ముందుకు మాత్రమే తోయాలి; వెనక్కి లాగేటప్పుడు రాయి పన్నును తాకకూడదు. అంగుళంలో 0.325 వంతు పిచ్ (లింకు లింకుకూ మధ్య దూరం) ఉన్న చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, చిన్న రంపాలకు వచ్చే తక్కువ ఎత్తు, మూడు బై ఎనిమిది అంగుళం పిచ్ చైన్‌కు 4 మిల్లీమీటర్లది వాడాలి. పన్ను ముందు ఉండే చిన్న మొటిమ, అంటే ఎంత లోతు కొరకాలో నిర్ణయించే భాగం, పన్ను కొన కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పదును పెట్టినకొద్దీ పన్ను అరిగి పొట్టిదవుతుంది కనుక మూడు నాలుగు పదునులకోసారి ఆ మొటిమను కూడా చదును రాయితో కాస్త తగ్గించాలి. ఇది చేయకుండా చైన్ పాడైపోయిందని పారేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఈ పన్ను ఆకారం కూడా ఊరికే పుట్టింది కాదు. 1946లో జోసెఫ్ కాక్స్ అనే అమెరికన్ కలప కూలీ, మానును తొలిచే పెంకుపురుగు పిల్ల తన దవడలతో కలప పోగుల్ని అటూ ఇటూ కోసుకుంటూ పోవడం గమనించి, అదే ఆకారంలో ఉక్కుతో పళ్లు చేయించాడు. అంతకుముందు చైన్‌లకు గోకుతూ పోయే పళ్లు ఉండేవి. నేటి చైన్లన్నీ దాదాపు ఆ పురుగు దవడలే.

కొయ్యపురుగు
మా వంశం గొప్పతనాన్ని ఇన్నాళ్లకు ఒకరైనా సభాముఖంగా ఒప్పుకున్నందుకు సంతోషం. మాకు పెట్రోలు అక్కర్లేదు, తాడు లాగనక్కర్లేదు, బరువు ఎవరూ మోయనక్కర్లేదు. వేగం మాత్రం అడగకండి.

శనివారం_వడ్రంగి
ఆకురాయి గారు, పిండే రాలేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ రంపానికి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పదును పెట్టలేదు. పళ్లు చూడడానికి మెరుస్తూనే ఉండేవి.

ఆకురాయి
ఆ మెరుపే చెబుతోంది. కొన మీద వెలుగు మెరిసిందంటే అక్కడ అంచు గుండ్రబడిందని అర్థం. నిజంగా పదునైన అంచు మీద మెరుపు కనిపించదు.

గట్టి_దుంగ
పదును సంగతి ఒప్పుకుంటాను. అయినా ఇంజిన్ పెద్దదైతే పని త్వరగా ముగుస్తుంది, త్వరగా ముగిస్తే తక్కువసేపు మోస్తాం. నేను పదేళ్లుగా 60 సీసీలదే వాడుతున్నాను. పైగా సీసీలు ఎక్కువైతేనే శక్తి కదా.

పాత_మెకానిక్
సీసీలే శక్తి కాదండీ. హస్క్‌వర్నా 450లో ఇంజిన్ 50.2 సీసీలు, శక్తి 2.4 కిలోవాట్లు. స్టిల్ ఎమ్మెస్ 261లోనూ అవే 50.2 సీసీలు, శక్తి 3 కిలోవాట్లు. రెండింటి బరువూ ఐదు కిలోలకు అటూఇటూ. తేడా లోపలి కట్టుబడిలో ఉంది. మొదటిది ఇంటివాళ్ల కోసం చేసినది, రెండవది రోజంతా కోసే పనివాళ్ల కోసం మెగ్నీషియం ఇంజిన్ పెట్టె, అంటే క్రాంక్‌కేసుతో చేసినది. కనుక మోసే ప్రతి కిలోకు ఎంత శక్తి వస్తోందో భాగించి చూడండి. అయితే ఆ రెండో రకానికి పెట్టే అదనపు డబ్బు రోజూ వాడేవారికి తిరిగి వస్తుంది. ఏడాదికి పది రోజులు కోసేవారికి వచ్చేది మోజు తీరడం ఒక్కటే. మోజు కూడా లెక్కలోకి వస్తుందనుకుంటే కొనుక్కోండి, నేను వద్దనను.

అడవి_దారి
నేను పద్నాలుగేళ్లు కూలికి చెట్లు కోశాను. బరువు గురించి ఇంత మాట్లాడుతున్నారు, అదురు గురించి ఒక్కరూ అడగలేదు. నా కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు చన్నీళ్లలో పెట్టగానే సున్నం పూసినట్టు తెల్లబడతాయి. పావుగంట దాకా స్పర్శ ఉండదు, తర్వాత సూదులతో గుచ్చినట్టు రక్తం తిరిగి వస్తుంది. అదురుకు వేళ్లలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిని ఇలా అవుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇప్పుడు నాకు రెండు ప్రయత్నాలు పడతాయి.

యూరప్‌లో పనివాళ్ల చేతులకు ఎనిమిది గంటల సగటున సెకను వర్గానికి 2.5 మీటర్ల అదురు దాటితే యజమాని చర్య తీసుకోవాలని, 5 దాటకూడదని నియమం ఉంది. రంపంతో వచ్చే పుస్తకంలో ముందు పిడికి, వెనక పిడికి విడివిడిగా ఈ అంకె ఉంటుంది. రెండు రంపాల నడుమ తేల్చుకోలేనప్పుడు వంద గ్రాముల బరువు కంటే ఈ అంకెలో తేడాకే ఎక్కువ విలువ ఇవ్వండి. పిడికీ ఇంజిన్‌కూ నడుమ స్ప్రింగులున్నాయా, ఒట్టి రబ్బరు ముక్కలేనా అన్నది కూడా చూడండి.

ఒకటే_మాట
ఈ పోస్టు పైన ఉండవలసింది.

శనివారం_వడ్రంగి
పుస్తకంలో అలాంటి అంకె ఉంటుందనే నాకు తెలియదు. అడిగి చూస్తాను. ఇంకొక సందేహం: పని లేని తొమ్మిది నెలలూ రంపం మూలన పడి ఉంటుంది. చిన్న రంపం ప్రతిసారీ మొదటి రోజున మొండికేసేది. ఇరవై ముప్పై సార్లు తాడు లాగితే గానీ అంటుకునేది కాదు.

పాత_మెకానిక్
అప్పుడప్పుడు వాడేవారి రంపం కోసి కోసి చెడదు, ఊరికే ఉండి చెడుతుంది. నా దగ్గరికి వచ్చే వాటిలో సగానికి పైగా ఇవే. పోయిన వారం ఒకటి విప్పాను. ట్యాంకులో ఏడాది నాటి పెట్రోలు పాత వార్నిష్ వాసన కొడుతోంది. కార్బ్యురేటర్ లోపల గోరంత జల్లెడ ఒకటి ఉంటుంది, దాని మీద తేనెరంగు జిగురు పొర కట్టి వెలుతురు కూడా దూరడం లేదు. దాని పక్కన ఉండే పలుచటి పొర మెత్తగా ఊగాలి. వేలితో తాకితే ఎండుటాకులా టకటకమంది. తెచ్చినాయన స్పార్క్ ప్లగ్ మూడుసార్లు మార్చానని చెప్పారు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే త్వరగా పాడవుతుంది. కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కలుపుకోండి. ఇప్పటి టూ స్ట్రోక్ రంపాలకు ఎక్కువగా చెప్పేది 50 పాళ్లకు ఒక పాలు, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. అయినా మీ రంపం పుస్తకం ఏం చెబితే అదే. అందాజుగా పోయకండి, కొలపాత్ర వాడండి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు మూలన పెట్టండి.

బ్యాటరీ_మనిషి
బ్యాటరీకి ఈ తద్దినం లేదని అందామనుకున్నాను కానీ నిజం చెప్పాలి. సగం చార్జితో చల్లటి చోట పెట్టాలి, పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే అదీ చస్తుంది. బార్ ఆయిల్ మాత్రం దానికీ కారుతుంది. అల్మారా అరలో మడుగు కట్టిన రోజున ఇంట్లో నాకు దొరికిన మర్యాద ఇక్కడ రాయలేను.

ఆకురాయి
కింద అట్టముక్క వేయండి, మర్యాద మిగులుతుంది.

గట్టి_దుంగ
పైన అంత గట్టిగా వాదించాను కనుక ఇది కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట పేర్చిన దుంగల్లో పైదాన్ని కోస్తున్నాను. బార్ ముక్కు దాని వెనక, నాకు కనపడని ఇంకో దుంగకు తగిలింది. రెప్ప వేసేలోపు రంపం ముక్కు పైకెత్తి నా ముఖం వైపు వచ్చింది. ముందున్న అడ్డుపట్టీ నా ఎడమ మణికట్టుకు కొట్టుకుని చైన్ బ్రేక్ పడింది. చూస్తే పళ్లు హెల్మెట్ జాలీకి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. ఆ రోజు మూడో గంట పనిలో ఉన్నాను, చేతులు అప్పటికే బరువెక్కాయి. 20 అంగుళాల బార్ కావడం వల్ల ముక్కు ఎక్కడుందో కూడా నాకు తెలియలేదు.

అడవి_దారి
బార్ ముక్కులో పైసగం ఉంది చూశారా, ప్రమాదమంతా అక్కడే. అక్కడ పన్ను కలపలో ఇరుక్కుంటే చైన్ ముందుకు పోలేక రంపాన్నే వెనక్కి విసురుతుంది. దాన్ని చేతి బలంతో ఆపడం ఎవరివల్లా కాదు, అంత సమయం ఉండదు. ఎడమచేతి బొటనవేలు పిడి కింది నుంచి చుట్టి ఉండాలి, ఎడమచెయ్యి వీలైనంత చాచి ఉండాలి, తల బార్‌కు సూటిగా కాక పక్కకు ఉండాలి. అందుకే పొట్టి బార్ అంటున్నాను. 16 అంగుళాల బార్‌తో 40 సెంటీమీటర్ల కంటే లావైన దుంగనైనా రెండు వైపుల నుంచీ కోయవచ్చు. శనివారం_వడ్రంగి గారికి ఏడాదికి వచ్చే ఆ ఒకటీ రెండు మొద్దుల కోసం ఏడాదంతా పొడవు మోయనక్కర్లేదు.

కాళ్లకు కోతను ఆపే ప్యాంటు తప్పనిసరి. అందులోని పొడవాటి పోగులు చైన్‌కు చుట్టుకుని, దాన్ని తిప్పే పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌ను బిగించేస్తాయి, అలా ఇంజిన్ ఆగుతుంది. బ్యాటరీ, తీగ రంపాల మోటార్లు తక్కువ వేగంలోనూ బలంగా లాగుతాయి కనుక వాటిని ఆ పోగులు అంత నమ్మకంగా ఆపలేకపోవచ్చు. చప్పుడు చేయదు కదా అని బ్యాటరీ రంపాన్ని బొమ్మలా చూడకండి.

బ్యాటరీ_మనిషి
ఇది నాకు తెలియదు. రాసినందుకు కృతజ్ఞుణ్ణి.

పాత_మెకానిక్
బరువు గురించి ఇంకా బాధపడేవారికి ఒక ముచ్చట. 1929లో స్టిల్ తయారుచేసిన పెట్రోలు రంపం 46 కిలోలు, ఇద్దరు మోస్తే గానీ కోయలేరు. 1950లో ఒక్కడే పట్టుకోగలిగేది వచ్చింది, అది 16 కిలోలు. మనం 4.6కూ 4.9కూ నడుమ తగవులాడుకుంటున్నాం.

కొయ్యపురుగు
ఆ ఇద్దరిలో వెనక పట్టుకున్నవాడు ఎప్పుడూ మోసింది తానేనని చెప్పి ఉంటాడు.

శనివారం_వడ్రంగి
మొత్తానికి కొన్నాను. మూడింటిని బార్లతో సహా ఎత్తి చూశాను. అన్నిటికంటే తేలికైనది తీసుకోలేదు. దాని ముక్కు కిందికి వాలుతోంది, మిగతా రెండింటిలో ఒకటి ముందు పిడి మీద వేలాడదీస్తే నేలకు సమంగా నిలిచింది. పుస్తకాలు తెప్పించి అదురు అంకెలు చూస్తే అందులోనూ ఇదే తక్కువ. 45 సీసీలు, 16 అంగుళాలు. ఇంటికి తెచ్చి అన్నీ నింపి స్ప్రింగు కాటాకు తగిలిస్తే 6.3 కిలోలు తూగింది.

నిన్న రెండు గంటలు కోశాను. సాయంత్రం నీళ్ల గ్లాసు ఒంటిచేత్తోనే పట్టుకున్నాను. పొట్టు రేకులుగా రాలింది, చివరి దుంగ దాకా. ఆ చివరి దుంగ కింద నేల తగిలినట్టుంది, తర్వాతి కోతలో పిండి మొదలైంది. ఒక్క క్షణం తగిలినందుకే ఇంత పోతుందా? విడి చైన్ ఒకటి తెచ్చి పెట్టుకుందామనుకుంటున్నాను, 16 అంగుళాలది అని అడిగితే సరిపోతుందా?

పాత_మెకానిక్
6.3 అంటే మీకు దళసరి బార్ ఇచ్చినట్టున్నారు. అరుగుదల తక్కువ, పర్వాలేదు.

ఆకురాయి
ఇసుక రేణువు పన్ను కంటే గట్టిది, ఒక్క క్షణం చాలు. దుంగను ముప్పాతిక వంతు కోసి, దొర్లించి, మిగిలింది పైనుంచి కోయండి.

16 అంగుళాలు అని మాత్రం అడగకండి. అదే పొడవుకు ఒక్కో కంపెనీ బార్‌కు లింకుల సంఖ్య ఒక్కోలా ఉంటుంది. బార్ తోక దగ్గర, మూతకింద దాగే చోట, పిచ్, చైన్ దిగే గాడి మందం, లింకుల సంఖ్య చెక్కి ఉంటాయి. మసి తుడిచి ఆ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. చెరిగిపోయి ఉంటే పాత చైన్ విప్పి, గాడిలో దిగే కింది పళ్లను ఒక దాని మీద సుద్దతో గుర్తు పెట్టుకుని లెక్కించండి. గుర్తు లేకుండా మొదలుపెడితే రెండో చుట్టు ఎక్కడ మొదలైందో తెలియదు.

శనివారం_వడ్రంగి
ఇప్పుడే మూత విప్పి చూశాను. మూడూ ఉన్నాయి.